గట్క లెక్క పారాలి, రబ్బరు లెక్క గట్టిపడాలి

రాకెట్ ఇంధనం అనగానే మనలో చాలామంది కళ్లముందు పెట్రోలు లాంటి ద్రవమే కదులుతుంది. లోపల ట్యాంకు, కింద మంట, అంతే. కానీ 2023 జులై 14న చంద్రయాన్-3ని మోసుకుని ఎల్‌వీఎం-3 రాకెట్ శ్రీహరికోటలో నేల వదిలినప్పుడు దాన్ని పైకి లేపింది ద్రవ ఇంధనం కాదు. మధ్యలో ఉన్న ద్రవ ఇంజన్లు వెలిగింది దాదాపు రెండు నిమిషాలు ఆగాక. అప్పటిదాకా మొత్తం బరువును మోసింది రెండు పక్కలా నిలబడ్డ రెండు లావాటి బూస్టర్లే. వాటి పేరు ఎస్-200. ఒక్కోదాంట్లో సుమారు 205 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. చేత్తో ముట్టుకుంటే పెన్సిల్ తుడిచే రబ్బరు ముక్కలా ఉంటుందట ఆ ఇంధనం.

సరే, 205 టన్నుల రబ్బరును 3.2 మీటర్ల వ్యాసం ఉన్న గొట్టంలో ఎలా కూరతారు? కూరరు. పోస్తారు. పోసేటప్పుడు అది రబ్బరు కాదు, చిక్కటి ముద్ద. మన పాలమూరోళ్ల భాషలో చెప్పాలంటే అచ్చం గట్క.

జొన్న గట్క తినని వాళ్ల కోసం రెండు మాటలు. ఎసరు మరుగుతుంటే జొన్న రవ్వ పోస్తూ తెడ్డుతో కలుపుతారు. మొదట్లో నీళ్లలా తిరుగుతుంది. రవ్వ పడేకొద్దీ తెడ్డు బరువెక్కుతుంది. ఒక దశ దాటాక గుప్పెడు రవ్వ ఎక్కువైతే చాలు, తెడ్డు నిలబడిపోతుంది. నీళ్లు అవే, కుండ అదే, మారింది గుప్పెడు రవ్వ. ఈ గుప్పెడు రవ్వ దగ్గరే పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు వందేళ్లకు పైగా కుస్తీ పడుతున్నారు. దానికో పేరుంది, రియాలజీ. అంటే పారుదల శాస్త్రం అన్నమాట. పాలిమర్ అనే జిగురు ద్రవంలో గట్టి పొడులు కిక్కిరిసిపోయేంతగా కలిపితే ఆ ముద్ద ఎలా పారుతుంది, ఎక్కడ మొరాయిస్తుంది అనేది అందులో బాగా చిక్కు ప్రశ్న.

నేను వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు వాడిని. చదివింది ఇంజనీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్. ఈ విషయం నన్ను పట్టుకోవడానికి కారణం రాకెట్ కాదు, ఆముదం. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ ముద్ద సంగతి చూద్దాం.

వందలో 86 పాళ్లు పొడే

మన ఘన ఇంధనంలో ఉండేవి ముఖ్యంగా మూడు. ఒకటి అమ్మోనియం పర్‌క్లోరేట్, ఉప్పులా కనిపించే తెల్లటి పొడి. మంటకు కావలసిన ఆక్సిజన్ ఇచ్చేది ఇదే. ఇస్రోకి దీన్ని తయారుచేసే సొంత ప్లాంటు కేరళలోని ఆలువాలో ఉంది. రెండోది అల్యూమినియం పొడి, వేడి పెంచడానికి. మూడోది ఈ రెండింటినీ పట్టి ఉంచే జిగురు, హెచ్‌టీపీబీ అనే పాలిమర్. ఇది తేనెలాంటి చిక్కటి ద్రవం. బరువు లెక్కన చూస్తే పర్‌క్లోరేట్ 68 పాళ్లు, అల్యూమినియం 18, జిగురు, దాంట్లో కలిపే చిల్లర సరుకులన్నీ కలిపి 14. అంటే వంద కిలోల ముద్దలో 86 కిలోలు పొడి, 14 కిలోలు మాత్రమే ద్రవం.

బరువు కొంచెం మోసం చేస్తుంది. పొడులు బరువైనవి, జిగురు తేలిక. పారుదలకు లెక్కలోకి వచ్చేది బరువు కాదు, చోటు. సాంద్రతలు పెట్టి లెక్కేస్తే ఆ ముద్దలో పొడులు ఆక్రమించే చోటు వందకు సుమారు 73. మిగిలిన 27 పాళ్ల చోటులోనే ద్రవం ఉండాలి, ప్రతి రేణువు చుట్టూ ఒక పొర పట్టాలి, మొత్తం ముద్దను పారేలా చెయ్యాలి.

ఇక్కడ ఒక అడ్డంకి. ఒకే సైజు గోలీలను డబ్బాలో పోసి ఎంత కుదిపినా అవి వందకు 64 పాళ్ల చోటునే నింపుతాయి. మిగతా 36 పాళ్లు సందులే. మరి 73 ఎలా సాధ్యం?

దీనికి జవాబు పాలమూరు లేబర్‌కి ఎప్పటినుంచో తెలుసు. నాగార్జునసాగర్, శ్రీశైలం మొదలు దేశంలో ఎన్నో డ్యాముల కింద మన జిల్లా మనుషుల చెమట ఉంది. ఆ మేస్త్రీలలో ఎవరిని అడిగినా చెప్తారు: ఒట్టి దొడ్డు కంకరతో మాలు కలపవు. దొడ్డు కంకర సందుల్లో సన్న కంకర పడాలి, దాని సందుల్లో ఇసుక పడాలి, ఇసుక సందుల్లో సిమెంటు పాలు పోవాలి. అట్లయితేనే తక్కువ నీళ్లతో మాలు కదులుతుంది, ఎండినాక గట్టిగా ఉంటుంది. రాకెట్ ఇంధనంలో చేసేది కూడా ఇదే. పర్‌క్లోరేట్‌ను రెండు సైజుల్లో వాడతారు. ముతకది సుమారు 300 మైక్రాన్లు, అంటే సన్న ఇసుక రేణువంత. సన్నది 50 మైక్రాన్ల లోపు. అల్యూమినియం అంతకన్నా సన్నం. లెక్క ప్రకారం 64 నిండాక మిగిలిన 36లో చాలా సన్నటి పొడి మళ్లీ 64 వంతున నింపితే మొత్తం 87 దాకా వెళ్తుంది. నిజం పొడులు గోలీల్లా గుండ్రంగా ఉండవు, సైజుల తేడా కూడా అనంతం కాదు కాబట్టి అంత రాదు. అయినా 73కి చోటు దొరుకుతుంది.

ఐన్‌స్టీన్ లెక్క ఇక్కడ చాలదు

ద్రవంలో రేణువులు కలిస్తే చిక్కదనం ఎంత పెరుగుతుందో మొదట లెక్కగట్టినవాడు ఐన్‌స్టీన్. అవును, ఆ ఐన్‌స్టీనే. 1906లో అచ్చయిన తన డాక్టరేట్ పరిశోధనలో చక్కెర నీళ్ల చిక్కదనం నుంచి చక్కెర అణువు సైజు తేల్చాడు. అందులో గుణకం తప్పు పడింది. లుడ్విగ్ హాఫ్ అనే సహాయకుడు దొరకబట్టాక 1911లో దాన్ని 2.5గా సరిదిద్దాడు. అంటే వందకు ఒక పాలు రేణువులు కలిస్తే చిక్కదనం వందకు రెండున్నర పాళ్లు పెరుగుతుంది.

ఆ సూత్రంలో మన 73 పెడితే ఏమొస్తుందో తెలుసా? చిక్కదనం సుమారు 2.8 రెట్లు. అంతే అయితే రాకెట్ ఇంధనం పొయ్యడం ఇంట్లో తేనె పొయ్యడం అంత తేలిక అయ్యేది. అసలు ముద్ద మాత్రం జిగురు కంటే ఎన్నో పదుల రెట్లు, కొన్నిసార్లు వంద రెట్లు దాటి చిక్కగా ఉంటుంది. నీళ్లతో పోలిస్తే లక్షల రెట్లు. ఐన్‌స్టీన్ లెక్క అబద్ధమని కాదు. ఒక రేణువుకి పక్క రేణువు ఉన్న సంగతే తెలియనంత పలచటి ద్రవానికి అది సరిపోతుంది. ఇక్కడేమో రేణువులు పండగ ముందు రోజు మహబూబ్‌నగర్ బస్సులో జనంలా ఉన్నాయి. ఒకరు కదలాలంటే నలుగురు జరగాలి.

ఆ రద్దీని లెక్కలోకి తీసుకున్న సూత్రం 1959లో వచ్చింది. క్రీగర్, డోగర్టీ అనే ఇద్దరు ఇచ్చారు. అందులో కీలకం ఒకే ఒక్క సంఖ్య: ఈ పొడుల మిశ్రమం గరిష్ఠంగా ఎంత చోటు నింపగలదు? మన ముద్ద ఆ గరిష్ఠానికి దగ్గరయ్యే కొద్దీ చిక్కదనం నిట్టనిలువుగా లేస్తుంది.

నేను రోజూ కోడ్ రాసే మనిషిని కాబట్టి ఊరుకోలేదు. ఇరవై లైన్ల పైథాన్ ప్రోగ్రాం రాసి ఈ సూత్రంలో అంకెలు తిప్పి చూశాను. పొడుల గరిష్ఠ నింపుడు 85 అనుకుంటే, 73 పాళ్లు పొడి ఉన్న ముద్ద చిక్కదనం జిగురుకి 64 రెట్లు వచ్చింది. పొడుల పొంతన కొంచెం చెడి ఆ గరిష్ఠం 78కి పడితే, అదే ముద్ద 212 రెట్లు. పొడి ఒక్క గ్రాము కూడా పెంచలేదు సుమా, సైజుల పాళ్లు మారాయంతే. ఇక గరిష్ఠం 78 ఉన్నప్పుడు పొడిని 73 నుంచి 76కి పెంచితే? 1,200 రెట్లు దాటింది. అదీ గుప్పెడు రవ్వ కథ. తెడ్డు నిలబడిపోవడం అంటే ఇదే.

ఇవి నా లెక్కలు. ప్లాంట్లో వాడే అంకెలు అక్కడివాళ్లు కొలిచి తేల్చుకున్నవి. కానీ దిశ ఇదే. మరి పొడి తగ్గించుకుంటే పీడా పోతుంది కదా అనిపిస్తుంది. పొడి తగ్గితే ఒక్కో కిలో ఇంధనానికి వచ్చే బలం తగ్గుతుంది. అంటే ఉపగ్రహం బరువు తగ్గించుకోవాలి. అందుకే గోడ అంచు మీద నడిచినట్టు, ఆగిపోయే గీతకి ఎంత దగ్గరగా వెళ్లగలిగితే అంత దగ్గరగా వెళ్తారు.

కలిపేవాడికి, పోసేవాడికి పడదు

ఈ ముద్దను కలిపేది నిలువు మిక్సర్లలో. పెద్ద గిన్నె, పైనుంచి దిగే బ్లేడ్లు. బ్లేడ్లు తమ చుట్టూ తాము తిరుగుతూ గిన్నె చుట్టూ కూడా తిరుగుతాయి, గ్రహాలు తిరిగినట్టు. అందుకే వీటిని ప్లానెటరీ మిక్సర్లు అంటారు. 2025 ఫిబ్రవరిలో ఇస్రో, బెంగళూరులోని సెంట్రల్ మాన్యుఫాక్చరింగ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ కలిసి ఒక్క దఫాలో 10 టన్నులు కలిపే మిక్సర్‌ను తయారుచేశాయి. ఘన ఇంధనానికి ప్రపంచంలోనే పెద్దదని ప్రకటించారు. ఎస్-200లో మూడు భాగాలుంటాయి. మధ్య భాగం ఒక్కటే వంద టన్నులకు దగ్గర. అంటే పది టన్నుల గిన్నె అయినా ఒక్క భాగానికి పది దఫాలు కలపాలి. దఫా దఫాకీ చిక్కదనం మారితే కుదరదు.

కలిపేటప్పుడు దగ్గర మనిషి ఉండడు. దూరంగా ఉన్న గదిలో కూర్చుని కెమెరాలు చూస్తూ నడిపిస్తారు. కారణం చెప్పక్కర్లేదు, గిన్నెలో ఉన్నది మందుగుండు. 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోటలోని ఘన ఇంధన కర్మాగారంలో అగ్నిప్రమాదం జరిగి ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. ముద్ద గట్టిపడ్డాక కూడా ప్రమాదం ప్రమాదమే.

ఈ ముద్ద గుణాలు విచిత్రంగా ఉంటాయి. నెమ్మదిగా వదిలేస్తే కదలదు. కుప్పలా కూర్చుంటుంది. కాస్త బలం పెట్టి తోస్తే కదలడం మొదలెడుతుంది, ఇంకా తోస్తే ఇంకా పలచగా అనిపిస్తుంది. టమాటా కెచప్ సీసా గుర్తు తెచ్చుకోండి. బోర్లిస్తే రాదు, కొడితే ఒక్కసారిగా పళ్లెంలో సగం నిండుతుంది. ఈ గుణం మంచిదే. మిక్సర్‌లో బ్లేడ్ల దగ్గర పలచగా ఉండి బాగా కలుస్తుంది, పోశాక నిలబడి బరువైన అల్యూమినియం అడుక్కి దిగకుండా ఉంటుంది. కానీ పొడి మరీ ఎక్కువైతే కథ తిరగబడుతుంది. వేగంగా తిప్పేకొద్దీ గట్టిపడుతుంది. సముద్రపు ఒడ్డున తడి ఇసుక మీద అడుగు వేస్తే అడుగు చుట్టూ ఇసుక ఒక్క క్షణం పొడిబారినట్టు కనిపిస్తుంది కదా. నొక్కినప్పుడు రేణువులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాలి, అందుకు ఎడం కావాలి, ఆ ఎడంలోకి నీళ్లు దిగిపోతాయి. ఆస్బోర్న్ రెనాల్డ్స్ 1885లోనే దీన్ని వివరించాడు. ఇంధన మిక్సర్‌లో ఇది జరిగితే మోటారు మొరాయిస్తుంది, రాపిడి వేడి పుడుతుంది. మందుగుండు గిన్నెలో రాపిడి వేడి ఎవరికీ అక్కర్లేదు.

ఇంకో తంటా గడియారం. జిగురును రబ్బరుగా మార్చడానికి ఐసోసైనేట్ అనే రసాయనం కలుపుతారు. అది కలిసిన క్షణం నుంచే ముద్ద గట్టిపడడం మొదలు. పొయ్యడానికి ఉన్న గడువు కొన్ని గంటలు. చిక్కదనం తగ్గించడానికి వేడి చేద్దామా అంటే, వేడికి గట్టిపడడం కూడా వేగం అవుతుంది. చల్లగా ఉంచితే గడువు పెరుగుతుంది కానీ ముద్ద పారదు. పాకం పట్టేవాళ్లకి ఈ బాధ తెలుసు. బెల్లం పాకంలో పల్లీలు వేసి ఉండలు చుట్టేటప్పుడు పొయ్యి మీదుంటే ముదురుతుంది, దించితే బిగుస్తుంది. ఆ మధ్యలో దొరికే నాలుగు నిమిషాల్లోనే పని అయిపోవాలి.

శ్రీహరికోట పులికాట్ సరస్సుకి, సముద్రానికి మధ్య ఉన్న దీవి. గాలిలో తేమ ఎక్కువ. ఐసోసైనేట్‌కి నీళ్లు తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, ముద్దలో బుడగలు వస్తాయి. పర్‌క్లోరేట్ కూడా తేమను పీల్చి గడ్డకడుతుంది. అందుకే ఆ గదుల్లో తేమను కట్టడి చేస్తారు. మన ఇంట్లో పడుకునే ఫోం పరుపు పొంగేది ఇదే చర్య వల్ల. పరుపుకి వరం, రాకెట్‌కి శాపం.

పొయ్యడం గాలి లేని గదిలో, అంటే వాక్యూంలో. ముద్దను సన్నటి చీలికల గుండా పట్టీల్లా జారవిడుస్తారు. పట్టీ పలచగా ఉంటే లోపలి గాలి బుడగలు బయటికి వచ్చేస్తాయి. కింద గొట్టం మధ్యలో ఒక అచ్చు నిలబెట్టి ఉంటుంది. కొన్ని భాగాల్లో అది నక్షత్రం ఆకారంలో ఉంటుంది. గట్టిపడ్డాక అచ్చు లాగేస్తే నక్షత్రం ఆకారపు సొరంగం మిగులుతుంది. మంట ఆ సొరంగం గోడల మీద మొదలై బయటికి కాలుతూ పోతుంది. నక్షత్రం మొనల సందుల్లోకి ముద్ద పూర్తిగా వెళ్లిందా? ఒక పట్టీ మీద ఇంకో పట్టీ పడినప్పుడు రెండూ కలిసిపోయాయా, లేక మధ్యలో మడత మిగిలిందా? అసలు ప్రశ్న ఇదే.

ఎందుకంటే ఇంధనం కాలేది ఉపరితలం మీదే. లోపల ఒక చీలికో, ఖాళీయో ఉంటే మంట అక్కడికి చేరగానే కాలే ఉపరితలం ఒక్కసారిగా పెరుగుతుంది. ఉపరితలం పెరిగితే వాయువు పెరుగుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే ఇంకా వేగంగా కాలుతుంది. ద్రవ ఇంజన్‌కి కవాటం మూసి ఆపొచ్చు. దీనికి ఆపడం అనేదే లేదు. ఒకసారి వెలిగిస్తే రెండు నిమిషాలకు పైగా అది కాలాల్సిందే. అందుకే గట్టిపడ్డ ప్రతి భాగాన్నీ భారీ ఎక్స్‌రేలతో, అల్ట్రాసౌండ్‌తో వెతుకుతారు. అప్పుడు లోపం దొరికితే ఆ భాగం పక్కన పడినట్టే. మళ్లీ కరిగించి పొయ్యడానికి అది మైనం కాదు.

ఇంకో సూక్ష్మం చెప్పి ఈ భాగం వదిలేస్తాను. గొట్టాల్లో ముద్ద పారేటప్పుడు రేణువులు ఉన్నచోట ఉండవు. రాపిడి ఎక్కువ ఉన్న గోడ పక్కనుంచి రాపిడి తక్కువ ఉన్న మధ్యకి జరుగుతాయి. గోడ దగ్గర పలచటి జిగురు పొర మిగిలి ముద్ద మొత్తం దాని మీద జారుతుంది. 1987లో లైటన్, అక్రివోస్ అనే శాస్త్రవేత్తలు ఈ వలసను వివరించారు. దానివల్ల ఏమవుతుంది? కలిపినప్పుడు 86 పాళ్లు ఉన్న పొడి, పోశాక ఒక చోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ అవ్వొచ్చు. ఎక్కువ ఉన్నచోట వేగంగా, తక్కువ ఉన్నచోట నెమ్మదిగా కాలుతుంది. కాంక్రీటుకి వైబ్రేటర్ ఎక్కువసేపు పెడితే కంకర కిందికి, పాలు పైకి తేలినట్టే. మేస్త్రి "చాలు, తియ్!" అని అరిచేది అందుకే.

ఆముదం దగ్గరికి వద్దాం

ఇప్పుడు జిగురు సంగతి. 1970లలో తుంబాలో మన శాస్త్రవేత్తలకు పొడులు దొరికాయి కానీ జిగురు పెద్ద సమస్య. పెట్రో రసాయనాల నుంచి వచ్చే పాలిమర్లు మన దగ్గర తయారుకావు, అడిగినా బయటివాళ్లు తేలిగ్గా ఇవ్వరు. వసంత్ గోవారికర్ నాయకత్వంలో ఇంధన పరిశోధన జరుగుతున్న ఆ రోజుల్లో వాళ్ల చూపు పడినవాటిలో ఒకటి ఆముదం నూనె. దాన్ని మార్చి తయారుచేసిన జిగురుకి 'ఇస్రో పాలియోల్' అని పేరు పెట్టారు.

ఆముదమే ఎందుకు? పల్లీ నూనె, నువ్వుల నూనె పనికిరావా? రావు. ఆముదంలో దాదాపు 85-90 పాళ్లు ఉండే కొవ్వు ఆమ్లం పేరు రిసినోలిక్ ఆమ్లం. దాని గొలుసులో పన్నెండో కార్బన్ దగ్గర ఒక హైడ్రాక్సిల్ గుంపు వేలాడుతూ ఉంటుంది, కొక్కెంలా. మనం వంటకి వాడే నూనెల్లో ఆ కొక్కెం లేదు. ఐసోసైనేట్ వచ్చి పట్టుకునేది సరిగ్గా ఆ కొక్కేన్నే. కొక్కెం కొక్కెం కలిసి వల అల్లుకుంటే అదే రబ్బరు. ఆముదం అంత జిడ్డుగా ఉండడానికి కూడా ఆ కొక్కేలే కారణం. ఒక అణువు ఇంకో అణువును వదలదు. మామూలు వంట నూనె కంటే ఆముదం దాదాపు పది రెట్లు చిక్కన.

మా అవ్వ ఆముదం వండేది. గింజలు వేయించి, రోట్లో దంచి, నీళ్లలో మరగబెట్టి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసేది. "ఇది తొందరపడితే రాదు బిడ్డా, జారనియ్యాలె" అనేది. పారుదల శాస్త్రం అంతా ఆ "జారనియ్యాలె"లోనే ఉందని ఇప్పుడు నవ్వుకుంటాను.

ఇస్రో పాలియోల్ మంచి పని చేసింది. చేతిలో ఏమీ లేనప్పుడు, దేశంలో పండే గింజ నుంచి జిగురు వచ్చింది. కానీ తర్వాత హెచ్‌టీపీబీని కూడా తిరువనంతపురంలోనే మనవాళ్లు తయారుచేసుకున్నారు. హెచ్‌టీపీబీతో పొడి ఎక్కువ నింపొచ్చు, చలికి కూడా రబ్బరు బాగా సాగుతుంది. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ నుంచి ఎస్-200 దాకా పెద్ద మోటార్లన్నీ దానితోనే. నా అభిప్రాయం అడిగితే, ఆముదం ఓడిపోయిందని చెప్పలేం. అది వంతెన. వంతెన దాటాక వెనక్కి చూసేవాళ్లు తక్కువ, అంతే తేడా.

గింజ ఇక్కడ, విలువ ఎక్కడో

రసాయనానికి ఏ ఊరి గింజ అనేది పట్టదు. కానీ మనకి పట్టాలి. ఎందుకంటే ఆముదం పాలమూరు ఎర్ర చెల్కల పంట. నీళ్లు లేని నేల, వాన పడితే పడినట్టు, లేకపోతే లేనట్టు. అలాంటిచోట కూడా వేరు లోతుకి దింపి నిలబడే మొక్క ఇది. ఒకప్పటి హైదరాబాద్ సంస్థానం దేశంలో ఆముదం పండించే ముఖ్య ప్రాంతాల్లో ఒకటి. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల ఇంజన్లకు కందెనగా వాడింది ఆముదమే. క్యాస్ట్రాల్ అనే కంపెనీ పేరులో ఉన్నది కూడా ఈ గింజ ఇంగ్లిష్ పేరే.

నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ఆ దారిన వెళ్లే బస్సుల్లో రోజూ వేలమంది ఆ బోర్డు చూస్తారు. దేశం మొత్తానికి ఆముదం రకాలు ఇచ్చిన చోటు అది. క్రాంతి అనే రకం అసలు పేరు పీసీఎస్-4, హరిత పేరు పీసీఎస్-124. సంకర రకం పీసీహెచ్-111. ఆ 'పీ' అక్షరం పాలెందే. సాంకేతిక ప్రపంచంలో మన ఊళ్ల పేరు మొదటి అక్షరంగా నిలిచిన సందర్భాలు ఎక్కువ లేవు, ఇదొకటి గుర్తుపెట్టుకోవచ్చు.

ఇప్పుడు దేశంలో ఆముదం అంటే గుజరాత్. ప్రపంచానికి కావలసిన ఆముదంలో ఎక్కువ భాగం భారత్‌దే, భారత్‌లో ఎక్కువ భాగం గుజరాత్‌ది. అక్కడ నీటి వసతి, సంకర విత్తనం, నూనె మిల్లులు, దాని పక్కనే నూనెను రసాయనాలుగా మార్చే ఫ్యాక్టరీలు, ఎగుమతికి ఓడరేవు, అన్నీ వరసగా ఉన్నాయి. మన దగ్గర పంట వానకాలంది. గెలలు పట్టే సమయంలో ముసురు పడితే బూజు తెగులు వచ్చి గెల మొత్తం బూడిద రంగులోకి మారిపోతుంది. కల్వకుర్తి, అచ్చంపేట వైపు రైతులను అడిగితే ధర సంగతి తర్వాత, ముందు ఈ బూజు సంగతే చెప్తారు. పత్తి వచ్చాక చాలామంది అటు మళ్లారు. గద్వాల వైపైతే ఇప్పుడు పత్తి విత్తనమే ప్రధానం. ఎకరం ఆముదం కంటే విత్తన పత్తిలో డబ్బు కనిపిస్తుంది, అప్పు కూడా కనిపిస్తుంది.

నాకు బాధ కలిగించేది ఇంకో విషయం. ఆముదం గింజలో సగానికి దగ్గరగా నూనె ఉంటుంది. గింజగా అమ్మితే ఒక ధర, నూనెగా ఇంకో ధర, పాలియోల్‌గా మారిస్తే లెక్కే వేరు. ఆ పాలియోల్‌కి రాకెట్లే అక్కర్లేదు. పెయింట్లు, జిగుర్లు, ఫోం, కరెంటు తీగల జాయింట్లలో పోసే రెసిన్లు, నేల మీద వేసే పూతలు, ఇవన్నీ అదే రసాయనం. వాటిలో చాలా భాగం పొడులు నింపిన ముద్దలే. పారుదల సమస్య అక్కడా ఇదే. సుద్ద పొడి ఎంత నింపితే ఖర్చు తగ్గుతుంది, ఎక్కడ ఆగితే పూత సాఫీగా పరుచుకుంటుంది? ఒక చిన్న యూనిట్ రోజూ ఎదుర్కొనే ప్రశ్న.

వనపర్తిలో రాజావారి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. సివిల్ విద్యార్థులు నేర్చుకునే మొదటి పరీక్షల్లో స్లంప్ టెస్ట్ ఒకటి. 30 సెంటీమీటర్ల ఎత్తున్న శంఖాకారపు అచ్చులో కాంక్రీటు నింపి అచ్చు పైకి లాగుతారు. ముద్ద ఎన్ని సెంటీమీటర్లు కుంగిందో కొలుస్తారు. ఎంత బలం దాకా కదలకుండా నిలబడుతుంది, ఎక్కడ పారడం మొదలుపెడుతుంది అనేదే అది చెప్పేది. సివిల్ వాళ్లు మెకానికల్ వాళ్లకి, మెకానికల్ వాళ్లు కెమిస్ట్రీ వాళ్లకి ఆ శంఖం చూపిస్తే చాలు, సగం పాఠం అక్కడే అయిపోతుంది. మిగతా సగానికి ఖరీదైన యంత్రం కావాలి నిజమే. అయినా ఒక సీసా ఆముదం, కొంత సుద్ద పొడి, రెండు సైజుల జల్లెడలు, ఒక స్టాప్‌వాచ్ ఉంటే మొదలుపెట్టొచ్చు. ముతక సుద్ద ఒక్కదానితో ఒకసారి, ముతక సన్నం కలిపి ఇంకోసారి, గరాటు గుండా ఎంతసేపటికి దిగుతుందో చూడాలి. బరువు ఒకటే ఉన్నా గడియారం వేరేలా చెప్తుంది.

రాకెట్ల పని ఇప్పుడు ఇస్రో ఒక్కదానిదే కాదు. హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచే విక్రమ్-ఎస్ అనే చిన్న రాకెట్‌ను ఎగరేసింది. అది కూడా ఘన ఇంధనమే. ఇలాంటి పనులకి ముద్దలు కలిపేవాళ్లు, కొలిచేవాళ్లు, పొయ్యడం తెలిసినవాళ్లు కావాలి. కోడ్ రాసేవాళ్లకి కూడా చోటుంది. అచ్చులో ముద్ద ఎలా నిండుతుందో ముందే కంప్యూటర్‌లో చూసుకునే ప్రోగ్రాంలు రాయడం నా లాంటివాళ్ల పనే.

ఇక రైతు వైపు నుంచి చూస్తే, పాలియోల్ తయారీకి నూనె కొనేవాళ్లు అడిగేవి మూడు నాలుగే. తేమ ఎంత? పులుపు, అంటే విడి కొవ్వు ఆమ్లం ఎంత? హైడ్రాక్సిల్ విలువ సుమారు 160 దగ్గర ఉందా? ఆ కొక్కేల లెక్క అన్నమాట. బూజు పట్టిన గెలల గింజ, తడిసిన గోనెసంచిలో నెలలు పడి ఉన్న గింజ కలిస్తే పులుపు పెరుగుతుంది. గింజను ఎండబెట్టి, ఏరి, విడిగా అమ్మే ఏర్పాటు నాగర్‌కర్నూల్, కల్వకుర్తి మార్కెట్లలో ఉంటే ఆ కొలతల ప్రకారం ధర అడగొచ్చు. ఇప్పుడైతే సంచిలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి చూసి ధర చెప్తున్నారు.